జానపద చిత్రాల్లో ప్రాతినిధ్యం: 'పాతాళ భైరవి' ఒక పరిశీలన

పరిచయం

ఒక కథలో ఎవరు ఉన్నారు, ఎవరు లేరు, ఉన్నవారికి ఏ పాత్ర దక్కింది అనే మూడు అంశాలను కలిపి 'ప్రాతినిధ్యం' అంటాం. పిల్లల కథల్లో ఇది మరింత ముఖ్యం. ధైర్యవంతుడు ఎలా ఉంటాడో, ఎవరిని చూసి భయపడాలో పిల్లలు చాలావరకు కథల నుంచే నేర్చుకుంటారు. మీరు చిన్నప్పుడు చూసే ఉండే ఒక చిత్రంతో దీన్ని పరిశీలిద్దాం.

కథా మూలం

కె.వి.రెడ్డి దర్శకత్వంలో విజయా సంస్థ తీసిన 'పాతాళ భైరవి' 1951లో విడుదలైంది. రచన పింగళి నాగేంద్రరావు. ఈ చిత్రానికి ప్రేరణ రాజమండ్రికి చెందిన మధిర సుబ్బన్న దీక్షితుల 'కాశీ మజిలీ కథలు'. అందులో మణిసిద్ధుడనే యతి, కాశీ దారిలో ప్రతి మజిలీలోనూ ఒక పశువుల కాపరి కుర్రవాడికి కథ చెబుతాడు. అంటే కథ వినే హక్కు అక్కడ సామాన్యుడికి దక్కింది.

తెరుచుకున్న తలుపు

చిత్రం ఒక అడుగు ముందుకు వేసింది. కథానాయకుడు తోట రాముడు రాజకుమారుడు కాడు, తోటమాలి కొడుకు. కూలి పనికి వెళ్లే ఇంటి పిల్లవాడు కూడా తెర మీద తనను తాను చూసుకోగలిగాడు. ఈ చిత్రం నేటికీ ఆదరణ పొందడానికి ఇదొక కారణం.

మూసుకుని ఉన్న తలుపులు

ఇప్పుడు స్త్రీ పాత్రలను చూడండి. రాకుమారి ఇందుమతి మాంత్రికుడిని తిరస్కరిస్తుంది. అయినా ఆమెను విడిపించే సాహసం రాముడిదే. కథలో అందరికంటే శక్తిమంతురాలు పాతాళ భైరవి. కానీ ఆమె శక్తి ఒక ప్రతిమలో ఉంది. ప్రతిమ ఎవరి చేతికి చిక్కితే వారి కోరికే తీరుస్తుంది. తనకంటూ కోరిక లేని శక్తి ఆమెది. ఈ చిత్రం చూసిన ఆడపిల్లకు సాహసయాత్రలో చోటు ఎక్కడ?

ఇక ప్రతినాయకుడు. ఎస్.వి.రంగారావు మరపురాని విధంగా పోషించిన ఆ పాత్ర పేరే 'నేపాళ మాంత్రికుడు'. అంతకుముందు, 1942లో, కాకినాడకు చెందిన సి.పుల్లయ్య దర్శకత్వం వహించిన 'బాలనాగమ్మ'లో దుష్టుడు మాయల మరాఠి. జానపదుల నోట అతడే మాయల ఫకీరు. ఒకరు పరదేశి, ఒకరు పరభాషవాడు, ఒకరు పరమతస్థుడు. పేర్లు మారినా సూచన ఒకటే: కీడు బయటి నుంచి వస్తుంది. ఎవరూ కావాలని నేర్పకపోయినా, పదేపదే విన్న పసిమనసులో ఇది నాటుకుంటుంది.

గమనించవలసింది

ఈ లోపాలు ఎత్తిచూపడం చిత్రాన్ని తక్కువ చేయడం కాదు. ఒకే చిత్రం ఒక వర్గానికి తలుపు తీసి, మరొకరికి మూసి ఉంచగలదని గుర్తించడమే ఇక్కడి పాఠం. కనుక ఒక పాత్ర తెర మీద ఉందా అని మాత్రమే అడిగితే చాలదు. నిర్ణయం ఎవరు తీసుకుంటున్నారో, ఎవరిని చూసి భయపడమంటున్నారో కూడా అడగాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 'ఉనికి', 'ప్రాతినిధ్యం' మధ్య తేడాను ఇందుమతి పాత్ర ఆధారంగా వివరించండి.

2. రంపచోడవరం ఏజెన్సీలోని కొండరెడ్డి బాలిక ఒకరు కథానాయిక అయితే తోట రాముడి కథ ఎక్కడెక్కడ మారుతుంది? పది వాక్యాల్లో రాయండి.