టామీది ఏ జాతి?

రోహిణి కార్తెలో శ్రీకాకుళంలో మిట్టమధ్యాహ్నం కరెంటు పోయిందంటే, హస్కీ ఉన్న ఇల్లేదో వీధి చివర నిలబడి చెప్పేయవచ్చు. ఇంట్లోవాళ్లు విసనకర్రలు వెతుక్కునేలోపే అది ఏసీ గది తలుపు గోకుతూ ఊళ అందుకుంటుంది. సైబీరియా మంచులో బండ్లు లాగడానికి తయారైన కుక్క. ఒంటిమీద రెండు పొరల బొచ్చు. 1925లో అలాస్కాలోని నోమ్ పట్టణంలో డిఫ్తీరియా చెలరేగితే వెయ్యి కిలోమీటర్లకు పైగా మంచు మీద మందు మోసుకెళ్లిన బండ్ల ముందు పరిగెత్తింది దీని బంధువర్గమే. అలాంటిదాన్ని నాగావళి ఒడ్డున, సముద్రపు ఉక్కపోతలో, పోర్టికోలో గొలుసుకు కట్టేస్తే ఊళ పెట్టక ఏం చేస్తుంది?

అయినా తెచ్చుకుంటున్నారు. నీలికళ్లు. ఫోన్ తెరిస్తే వచ్చే రీల్స్. నిజానికి ఇది ఇప్పటి జబ్బేం కాదు. ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా మన పట్నాల్లో జాతికుక్కను ఎప్పుడూ వాతావరణం చూసి ఎంచుకోలేదు. అయితే యూనిఫాం చూసి, లేదంటే తెర చూసి.

యూనిఫాంతో వచ్చింది అల్సేషియన్. ఇంటికొకరు కాకపోయినా వీధికి ఇద్దరు ముగ్గురు సైన్యంలో చేసిన ఊళ్లు ఈ జిల్లాల్లో బోలెడు. పెన్షన్‌తో ఇంటికొచ్చిన మాజీ జవాను కుక్కను పెంచాడంటే అది నిటారు చెవుల అల్సేషియనే అయ్యుండాలి, ఇంగ్లీషులోనే 'సిట్' అనాలి. జర్మనీలో మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ అనే మాజీ సైనికాధికారి 1899లో గొర్రెల కాపరుల కుక్కల నుంచి తీర్చిన జాతి అది. డాబర్‌మన్ పుట్టుక ఇంకా తమాషా. అపోల్డా ఊళ్లో పన్నులు వసూలు చేసే లూయీ డాబర్‌మన్ అనే ఆయన, జనం మీద పడకుండా తోడు కోసం తయారు చేసుకున్నాడంటారు. మన దగ్గరా పన్నులవాళ్లకు అలాంటి తోడు అవసరమే గానీ, ఇక్కడ డాబర్‌మన్ షావుకార్ల ఇళ్లకు చేరింది. గేటుకు 'కుక్క ఉన్నది జాగ్రత్త' బోర్డు తగిలించి లోపల కుక్క లేకుండానే కాలం గడిపేసినవాళ్లూ ఉన్నారు. బోర్డుకు తిండి పెట్టక్కర్లేదు కదా.

తర్వాత తెర వచ్చింది. 1994లో 'హమ్ ఆప్కే హై కౌన్' దేశాన్ని ఊపేసింది. తెలుగులో 'ప్రేమాలయం' పేరుతో వచ్చిన ఆ సినిమాలో పెళ్లి విషయం తేల్చేసింది టఫీ అనే తెల్లకుక్క. విదేశీ కుక్కల్ని తెప్పించుకోవడం కష్టంగా ఉన్న ఆ రోజుల్లో దేశంలోనే దొరికే ఆ బొచ్చుకుక్క మధ్యతరగతికి వరమైంది. అందరూ పామరేనియన్ అనే పిలిచారు. అసలుకది ఇండియన్ స్పిట్జ్. విజయనగరం కంటోన్మెంట్‌లో గానీ, శ్రీకాకుళం కాలనీల్లో గానీ తొంభైల్లో పెరిగిన పిల్లల పుట్టినరోజు ఆల్బం తిరగేస్తే, కేకు వెనకాల కెమెరా ఫ్లాష్‌కు ఎర్రటి కళ్లతో ఒక తెల్లటి ముఖం కనిపించి తీరుతుంది. పెరుగన్నం, ఇడ్లీ, పండగనాడు బూరె. మాంసం ముట్టని ఇళ్లలో అదీ ముట్టకుండానే పెరిగింది. పాలవాడు రోజూ వచ్చేవాడే, రోజూ అరిచేది. మెడ దగ్గర బొచ్చు విడదీసి గోమార్లు ఏరడం ఆదివారం మధ్యాహ్నం ఇంటిల్లిపాదికీ పని: కిరసనాయిలు పోసిన కొబ్బరిచిప్ప పక్కన, ఒళ్లో కుక్క, ఏరుతున్న అమ్మమ్మ, "కదలకే నీకు దండం ఎడతాను" అని బతిమాలుడు.

2003లో హచ్ మొబైల్ కంపెనీ ప్రకటన వచ్చాక బొచ్చు పోయి చప్పిడిముక్కు వచ్చింది. ఓ పిల్లాడు ఎక్కడికెళితే అక్కడికి వెనకాలే నడిచే ఆ పగ్ పేరు చీకా. ఆ జాతి పేరు తెలియనివాళ్లు కూడా 'హచ్ కుక్క' కావాలని అడిగేవారు. అణిగిపోయిన ముక్కుతో గాలి పీల్చడమే కష్టం దానికి. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పడమే దాని ఫ్యాను. ఆ ఫ్యానే సరిగా తిరగని కుక్కను ఉక్కపోత ఊరికి తెచ్చి, 'రాత్రంతా గురకండీ బాబూ' అని మురిసిపోయారు. అది గురక కాదు, అవస్థ.

ఈ వలసల్లో కాస్త నప్పింది లాబ్రడారే. దాని ముత్తాతలు కెనడా తూర్పు తీరంలో న్యూఫౌండ్‌లాండ్ జాలర్ల దగ్గర వలతాళ్లు లాగి, జారిపోయిన చేపల్ని నీళ్లలోంచి పట్టుకొచ్చిన కుక్కలు. కళింగపట్నం తీరంలో ఒకసారి విడిచిపెడితే మళ్లీ ఒడ్డుకు రప్పించడానికి సగం సాయంత్రం పట్టేది అందుకే. 2022లో కన్నడ '777 చార్లీ' తెలుగులోనూ విడుదలయ్యాక దీని గిరాకీ మరీ పెరిగింది. ఒక్కటే చిక్కు, తిండి. కేంబ్రిడ్జి పరిశోధకులు 2016లో తేల్చినదాని ప్రకారం దాదాపు ప్రతి నాలుగు లాబ్రడార్లలో ఒకదానికి ఆకలిని అదుపు చేసే జన్యువులోనే లోపం ఉంటుంది. ఎంత పెట్టినా ఇంకా కావాలన్నట్టే చూస్తుంది. మన ఇళ్లలో అలా చూసినవాళ్లకు పెట్టకుండా ఎవరుంటారు? అయిదేళ్లకే పీటలా తయారై మెట్లెక్కలేని లాబ్‌లు ప్రతి కాలనీలోనూ ఒకటి రెండు.

రామ్‌చరణ్ మైనపు బొమ్మను 2025 మేలో లండన్‌లో ఆవిష్కరించినప్పుడు ఆయన చేతుల్లో పెంపుడు కుక్క 'రైమ్' బొమ్మ కూడా ఉంది. వంకీల జుట్టు బార్బెట్ జాతి. ఇక బొబ్బిలిలో ఎవరు ముందు బార్బెట్ అడుగుతారో చూడాలి.

ఇంతకీ ఒక విచిత్రం. ఈ జిల్లాల్లో అరవై దాటినవాళ్లను కదిపి, మీ ఇంట్లో కుక్క ఉండేదా అని అడిగితే జాతి పేరు చెప్పేవాళ్లు తక్కువ. టామీ అంటారు. మోతీ, రాజు, టైగర్, నల్లోడు అంటారు. ఏ జాతి అంటే ముఖం అదోలా పెట్టి, "జాతేటండీ, ఊరకుక్క. దానంతటదే ఒచ్చింది, మా గుమ్మంలోనే ఉండిపోయింది" అంటారు. ఆ తర్వాత గంటసేపు ఆగరు.

ఆగకపోవడానికి కారణముంది. ఊరకుక్క అలంకారానికి ఉన్నది కాదు, ఇంటిపనిలో వాటా ఉన్నది. కళ్లంలో కుప్పల దగ్గర రాత్రి కాపలా దానిదే. గొర్రెల మంద వెంట నడిచేది అదే. ఉద్దానంలో అయితే ఇంకా పెద్ద పని. పలాస, మందస, వజ్రపుకొత్తూరు వైపు జీడితోటల్లో ఎలుగుబంట్ల భయం నేటికీ ఉంది. 2022 జూన్‌లో కిడిసింగి పరిసరాల్లో ఎలుగుబంటి మనుషుల మీద పడి ఒక రైతు ప్రాణం తీసింది. తెల్లారుజామున జీడిపిక్కలేరడానికి తోటలోకి వెళ్లే మనిషికి ముందు నడిచే కుక్క చెవులే ధైర్యం. అది ఆగితే మనిషి ఆగాలి. మెడ మీద బొచ్చు లేచిందంటే వెనక్కి తిరగాలి. ఈ చదువు ఏ శిక్షణ కేంద్రంలోనూ చెప్పరు.

తిండి మాత్రం ఇంట్లో మిగిలిందే. చోడి అంబలి, చద్దన్నం, పులుసులోని చేపముళ్లు. జాలరి పేటల్లో అయితే తెప్ప ఒడ్డెక్కే వేళకు కుక్కలు ముందే వచ్చి కూర్చుంటాయి. ఆడవాళ్లు వల దులిపి నెత్తళ్లు, కవళ్లు వేరు చేస్తుంటే, పనికిరాని చేపకూన ఎటు పడుతుందా అని చెయ్యి కదిలినప్పుడల్లా తలలన్నీ ఒకేసారి అటు తిరుగుతాయి. సోవియట్ శాస్త్రవేత్తలు 1957లో అంతరిక్షంలోకి పంపిన లైకా కూడా ఇలాగే దొరికింది తిని మాస్కో వీధుల్లో బతికిన ఊరకుక్కే. చలికీ ఆకలికీ రాటుదేలినవైతేనే తట్టుకుంటాయని ఏరికోరి వీధికుక్కల్నే పట్టారు. తిరిగి రప్పించే ఏర్పాటు మాత్రం చేయలేదు.

శ్రీకాకుళం కుక్కలకు ఉన్న పెద్ద కష్టం ఇంకొకటి: వలస. పంట కోతలు కాగానే కుటుంబాలకు కుటుంబాలే హైదరాబాద్, విజయవాడ, చెన్నైల్లో కట్టుబడి పనులకు రైలెక్కేస్తాయి. ఇంటికి తాళం పడుతుంది. కుక్కను తీసుకెళ్లే వీలుండదు. రైల్లో కుక్కకు చోటు లేకపోలేదు. ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం బుక్ చేసుకుంటే పక్కనే కూర్చోబెట్టుకోవచ్చు, లేదంటే గార్డు పెట్టెలో డాగ్‌బాక్స్ ఉంటుంది. జనరల్ బోగీలో నిలబడి వెళ్లేవాడికి రెండూ ఒకటే దూరం. దాంతో టామీ పక్కింటి మామ్మ పూచీ. "ఇంత గంజి నీల్లు పోత్తుండే అప్పా" అని చెప్పి వెళ్తారు. కుక్క పగలు మామ్మ ఇంట తిని, రాత్రి తాళం వేసిన గుమ్మంలోనే పడుకుంటుంది. టోక్యోలో హచికో తన ప్రొఫెసరు 1925లో చనిపోయినా తెలియక, 1935లో తాను పోయేదాకా షిబుయా స్టేషన్ దగ్గర ఎదురుచూసింది. మన టామీలకు అంత పరీక్ష లేదు, సంక్రాంతి దాకా ఆగితే చాలు. ఆమదాలవలసలో రైలు దిగి ఊళ్లోకి ఆటో మలుపు తిరగ్గానే, సంచులు దించకముందే, ఏడాది కిందటి చెప్పుల వాసన పట్టి మీదికి దూకే ఆ గొడవ ఉంది చూశారూ, ఆ ఇళ్లలో పండగ మొదలయ్యేది భోగిమంటతో కాదు.

మరి ఆంధ్రకు సొంత జాతికుక్కే లేదా? ఉంది. జోనంగి. కొల్లేటి జాగిలం అని కూడా అంటారు. నున్నటి పొట్టి బొచ్చు, ముడతలు పడ్డ నుదురు, చుట్ట తిరిగిన తోక. ఊరికే మొరగదు, రాగం తీసినట్టు ఓ తీరు కూత కూస్తుంది. ఎండకు నేల తవ్వి ఆ గోతిలో చల్లగా పడుకుంటుంది, ఏసీ అడగదు. ఒకప్పుడు తూర్పు తీరం పొడవునా ఉండేదని కుక్కల ప్రియులు చెబుతారు. మిగిలిందైతే కొల్లేరు చుట్టుపక్కల, అక్కడ దాని ఉద్యోగం బాతుల మందల్ని కాయడం. చేపల చెరువులు వచ్చి బాతులు పోయాక జోనంగి నిరుద్యోగి అయింది. కడుపు నింపుకోవడానికి చెరువులో చేప పట్టడం నేర్చుకుంటే దొంగ అనే ముద్ర పడింది, కర్ర దెబ్బలు తగిలాయి. 2005లో తపాలా శాఖ దేశీ జాతుల మీద నాలుగు స్టాంపులు వేస్తే అందులో హిమాలయన్ గొర్రెలకుక్క, రాంపూర్, ముధోల్, రాజపాళయం ఉన్నాయి. 2020 ఆగస్టులో ప్రధాని 'మన్ కీ బాత్'లో దేశీ కుక్కల్ని పెంచుకోమన్నప్పుడు కర్ణాటక ముధోల్ పేరుంది, తమిళనాడు నుంచి రాజపాళయం, చిప్పిపారై, కన్ని, కోంబై ఉన్నాయి. రెండింటిలోనూ జోనంగి లేదు. పక్క రాష్ట్రాలవాళ్లు తమ కుక్కల గురించి మనకన్నా గట్టిగా మాట్లాడుకున్నారు, అంతే తేడా.

ఊరకుక్కను ఇంతగా మెచ్చుకున్నాక రెండోవైపూ చెప్పాలి. మహాభారతం ఆదిపర్వంలో, కథ ఇంకా పుంజుకోకముందే, సరమ అనే దేవతల కుక్క జనమేజయుడి దగ్గరికి వచ్చి, ఏ తప్పూ చేయని నా బిడ్డను నీ తమ్ముళ్లు ఎందుకు కొట్టారని నిలదీస్తుంది. ఆ పంచాయితీ ఇంకా తెగలేదు. 2025లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కుటుంబ నియంత్రణ ఆపరేషన్, టీకా చేసి వీధికుక్కల్ని పట్టినచోటే వదలాలని, పిచ్చివీ కరిచేవీ అయితే వదలొద్దని ఆగస్టు 22న చెప్పిన కోర్టు, బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల నుంచి తొలగించాలని నవంబరులో ఆదేశించింది. తల్లుల భయం అబద్ధం కాదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికించే మందు లేదు. పాతరోజుల్లో బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడిపించుకున్నవాళ్లు ఇప్పటికీ ఆ కథే చెప్పి పిల్లల్ని ఆసుపత్రికి వెళ్లాలంటేనే జడిపిస్తుంటారు. గొర్రె మెదడు నుంచి తీసిన ఆ టీకా రెండు దశాబ్దాల కిందటే పోయింది. ఇప్పుడు ప్రభుత్వాసుపత్రిలో చేతి చర్మానికి చిన్న సూది, కరిచిన రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. అంతకుముందు సబ్బుతో పావుగంట కడగాలి. సున్నం, పసుపు, కారం పెట్టకూడదు.

తీరంలో ఇంకో ఫిర్యాదు ఉంది. చలికాలం చివర శ్రీకాకుళం ఇసుకతీరాల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గూటికి వంద దాకా గుడ్లు పెట్టి వెళ్తాయి. వాసన పట్టి తవ్వుకు తినేవి నక్కలూ ఈ ఊరకుక్కలూ. అటవీశాఖ మనుషులు రాత్రిళ్లు తిరిగి గుడ్లు ఏరి, కంచె వేసిన హేచరీల్లో పూడుస్తున్నది వీటి బాధ పడలేకే. పొద్దున తెప్ప దగ్గర బుద్ధిగా కూర్చున్నదీ రాత్రి గూడు తవ్విందీ ఒకే టామీ కావచ్చు.

కుక్క కావాలనుకున్నవాళ్లకు మన పంచాంగంలోనే దారి ఉంది. చిత్తకార్తె కుక్క అన్న తిట్టు ఊరికే పుట్టలేదు. అక్టోబరు రెండోవారం నుంచి పదిహేను రోజులు ఆ కార్తె, ఊరకుక్కలు జత కట్టే కాలమూ అదే. కుక్క మోసేది అరవై మూడు రోజులు. అంటే డిసెంబరు రెండోసగానికల్లా ఊళ్లో గడ్డివాముల కింద, ఆగిన లారీల కింద పిల్లలు పుడతాయి. సంక్రాంతికి కళ్లు తెరిచి తప్పటడుగులు వేస్తుంటాయి. అరసవల్లిలో రథసప్తమి జనం కదిలే రోజులకు ఆరేడు వారాల వయసు, తల్లిపాలు మాని ఇంటికి తెచ్చుకోదగ్గ ఈడు. పార్వో జబ్బు రాకుండా మొదటి టీకా వేయించాల్సిందీ అప్పుడే. మూడు నెలలు నిండాక, అంటే ఉగాది ముందూ వెనకా, రేబిస్ టీకా. ఆ వేళకు కుదరనివాళ్లకు జూలై 6న, జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల దినం (జూనోసిస్ డే) నాడు, ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఉచితంగానే వేస్తారు. చీటీలో జాతి అన్నచోట ఏం రాయించాలో తెలియక యజమాని తటపటాయిస్తే కాంపౌండరే 'నాటు' అని రాసేసి, పేరు అడుగుతాడు.