దాచిన వెండి, బంగారం – జకాతు

తెనాలి, బాపట్ల, రేపల్లెలలో కాసులు, కడ్డీలు కొని దాచే ముస్లిములు తూకం, స్వచ్ఛత రసీదుపై వ్రాయించుకోవాలి. జకాతు లెక్క వాటిపైనే నడుస్తుంది.

హనఫీ ఉలమా ప్రకారం బంగారపు నిసాబ్ ఏడున్నర తులాలు (87.48 గ్రాములు), వెండికి యాభై రెండున్నర తులాలు (612.36 గ్రాములు). ఎనిమిది గ్రాముల మేలిమి కాసులు పదకొండైతే నిసాబ్ దాటినట్లే. రెండూ ఉన్నవారు, నగదున్నవారు అన్నీ కలిపి చూడాలి.

విక్టోరియా రాణి వెండి రూపాయి ఒక తులం తూగుతుంది. పన్నెండింట పదకొండు పాళ్లు వెండి. వెండి పాలు హెచ్చు కనుక అది వెండి కిందే జమ. అటువంటివి 53 ఉంటే, అప్పులు పోను, చాంద్రమాన సంవత్సరం గడవగానే నలభయ్యవ వంతు పేదల హక్కు.

పాత రూపాయలిచ్చి వెండి కడ్డీ తీసుకుంటే తూకం సమానంగా, అప్పటికప్పుడే జరగాలి; లేనిచో అది వడ్డీ. ముందు అమ్మి, సొమ్ము అందుకొని, ఆపై కొనాలి. ఖైబర్ ఖర్జూరాల విషయంలో దైవప్రవక్త (స) చూపిన మార్గం ఇదే.