ఆ చల్లదనం ఎవరి చలవ?

వేసవి వచ్చిందంటే చాలు, ఇంట్లో పెద్దవాళ్ళు ఒక మాట అంటూ ఉంటారు. "మా చిన్నప్పుడు పల్లెలో ఫ్యాన్లెక్కడివమ్మా! ఆరుబయట మంచం వాల్చుకుంటే హాయిగా నిద్రపట్టేది" అని. పిల్లలు నమ్మరు. గొప్పకు చెబుతున్నారనుకుంటారు. కాని సోదరీమణులారా, ఆ మాటలో నిజముంది. ఆ చల్లదనానికి కారణాలున్నాయి.

మొదటిది వాకిట్లో చల్లే నీళ్ళు. పొద్దువాలగానే వాకిలి ఊడ్చి నాలుగు బిందెల నీళ్ళు చల్లేవారు. నీరు ఆవిరి కావాలంటే వేడి కావాలి గదా! ఒక్క లీటరు నీరు ఆవిరయ్యేటప్పుడు దాదాపు 580 కిలోకాలరీల వేడిని లాక్కుంటుంది. ఆ మేరకు నేలా, గాలీ చల్లబడతాయి. కూజాలో నీళ్ళు చల్లబడేదీ ఇందువల్లనే. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజున మాత్రం ఈ ఉపాయం అంతగా పనిచేయదు.

రెండవది ఆకాశం. మబ్బులేని రాత్రి నేల తన వేడిని పైకి వదిలేసి త్వరగా చల్లబడుతుంది. అదే కాంక్రీటు శ్లాబయితే, పగలు పీల్చుకున్న వేడిని బాగా పొద్దుపోయేదాకా గదిలోకి వదులుతూనే ఉంటుంది. అందుకే లోపల ఉక్క, బయట హాయి. ఇక నులకమంచం సంగతి చెప్పాలా! అల్లిక సందుల్లోంచి వీపుకు గాలి తగులుతుంది. పరుపు మీద ఆ సుఖమేదీ?

దీపాలు తక్కువ కనుక చుక్కలు బాగా కనిపించేవి. చైత్ర వైశాఖాల్లో ఉత్తరాన సప్తర్షులు. తోక చివరినుంచి రెండో చుక్క వసిష్ఠుడు, దాన్నంటుకుని మినుకుమినుకుమంటూ అరుంధతి. పెళ్ళిలో పట్టపగలు చూపించినా కనబడని అరుంధతిని ఎంతోమంది ఆడపిల్లలు నిజంగా చూసింది ఆ మంచంమీద పడుకునే!

అయితే ఆ సాయంత్రాలను తలుచుకునేటప్పుడు ఒక మనిషిని మరిచిపోతుంటాం. ఆ నీళ్ళు తోడి మోసిందెవరు? పక్కలు వేసిందెవరు? అందరికీ అన్నాలు పెట్టి, అంట్లు తోమి, పొయ్యి అలికి ఇల్లాలు బయటికి వచ్చేసరికి కథలు అయిపోయేవి, పిల్లలు నిద్రపోయేవారు. మళ్ళీ తెల్లవారుజామున కళ్ళాపికి లేవవలసిందీ ఆవిడే. అందరూ అనుభవించిన చల్లదనం ఆవిడ చలవే.

ఆ హాయి ఇప్పుడూ కొంత దక్కించుకోవచ్చు. ఎండ తగ్గాక డాబామీద రెండు బకెట్ల నీళ్ళు చల్లండి. నీటికి కరువైన ఊళ్ళో బియ్యం, కూరలు కడిగిన నీళ్ళు చాలు. దోమతెర కట్టుకోండి. దీపాలార్పి, సెల్‌ఫోన్లు కింద వదిలేసి ఒక గంట కూర్చోండి. ఒక్క షరతు. నీళ్ళు అబ్బాయి మోయాలి, చాపలు ఇంటాయన పరవాలి. ఈసారి అందరికంటే ముందు వచ్చి కూర్చునేది మీరే కావాలి.