ఆటస్థలమున మధ్యవర్తి

చెడుగుడు ఆటలో కూతకు వెళ్లిన బాలుడు అవతలి పక్షమువారి పట్టులో చిక్కి నేలబడెను. వానిమీద నలుగురు పడియున్నారు. దుమ్ము లేచినది. వాని వ్రేలికొన మధ్యగీతను తాకెనా, లేదా? కూత తెగకమునుపు తాకెనా, తెగినపిదప తాకెనా? ఈ రెండు ప్రశ్నలకును ఒక్క క్షణములో జవాబు చెప్పవలసినవాడు మధ్యవర్తి. ఆయన ఈల ఊది చేయి చూపినతోడనే చుట్టును నిలిచినవారిలో సగముమంది “న్యాయము” అందురు, సగముమంది “అన్యాయము” అందురు. ఎవరి పక్షమువారికి ఆ పక్షపు వ్రేలే కనబడుట ఇందలి వింత.

మేమును గీతయొద్ద నిలిచి కేకలు వేసినవారమే. కావున దీనిని పరులకు చెప్పు నీతిగా గాక మాకు మేము చెప్పుకొను మాటగా వ్రాయుచున్నాము.

భోగాపురమువంటి ఊళ్లలో పాఠశాలల పోటీలకు ఈల పట్టువాడు తఱచుగా ఒక ఉపాధ్యాయుడో, పైతరగతి విద్యార్థియో యగును. ఆ విద్యార్థి నలుగురిలో ఒకనాడు తిట్లు తినెనేని మఱునాడు ఈల పట్టుటకు వెనుదీయును. ఈల పట్టువారు లేనిచో పోటీయే లేదు. ఒక పోటీలో ఓడుటకంటె ఇది పెద్ద నష్టము.

మధ్యవర్తి పొరబడడా యని మీరడుగవచ్చును. తప్పక పొరబడును. దీనికి నిదర్శనము మన ప్రాంతమువారికి బాగుగ తెలిసిన బరువులెత్తు పోటీలోనే యున్నది. అందు ముగ్గురు రిఫరీలు కూర్చుందురు; ఒకరు ఎదుట, ఇద్దరు చెఱియొక ప్రక్కను. ఎత్తుట సక్రమమని తోచినవారు తెల్లదీపమును, కాదని తోచినవారు ఎఱ్ఱదీపమును వెలిగింతురు. ఇద్దరి మాట యేదియో అదియే తీర్పు. శ్రీకాకుళపు ఆడపడుచు కర్ణం మల్లీశ్వరి 2000వ సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్కులలో మొత్తము 240 కిలోలెత్తి కాంస్యపతకము గెలిచినది ఇట్టి దీపముల యెదుటనే. గమనింపుడు: ముగ్గురును శిక్షణ పొందినవారే, ముగ్గురును అదే యెత్తుటను చూచుచున్నవారే, అయినను ఒక్కొక్కప్పుడు రెండు తెల్లదీపములు, ఒక ఎఱ్ఱదీపము వెలుగును. ఆ యొక్కరు మోసగాడని ఎవరును అనరు. కూర్చున్న చోటు వేఱైన కనుపించునదియు వేఱగును. ముగ్గురికే ఏకాభిప్రాయము కుదురనిచోట, దుమ్ములో పరుగిడు ఒక్క మనుష్యునినుండి తప్పులేని తీర్పును కోరుట ఎంతవఱకు తగును? మనము కోరదగినది నిష్పక్షపాతము.

అన్యాయము జరిగినచో నోరు మూసికొని యుండవలెనా? అట్లు కాదు, దానికొక మార్గము కలదు. నెల్లిమర్ల దాపున నున్న కొండవెలగాడ గ్రామపు మత్స సంతోషి 2014వ సంవత్సరమున గ్లాస్గో కామన్‌వెల్తు క్రీడలలో 53 కిలోల తరగతిలో మూడవ స్థానమున నిలిచెను. పిమ్మట మొదటి స్థానము పొందిన క్రీడాకారిణి నిషిద్ధ ఔషధ పరీక్షలో తప్పుటచే పతకము కోల్పోయెను. సంతోషికి రజతము లభించెను. ఆ మార్పు వచ్చినది కేకలవలన కాదు, నియమానుసారమైన పరీక్షవలన.

అనుమానమునకు సయితము మందు కలదు. క్రికెట్టులో చిరకాలము ఆతిథ్యమిచ్చు దేశమువారే అంపైర్లుగా నుండెడివారు. అతిథులకు అనుమానము తీఱెడిది కాదు. 1986వ సంవత్సరమున లాహోరులో పాకిస్థాను, వెస్టిండీసు జట్ల టెస్టు ఆటకు ఉభయపక్షములకును చెందని భారతీయులిద్దఱు అంపైర్లుగా నిలిచిరి. వారిలో ఒకరు హైదరాబాదుకు చెందిన వి. కె. రామస్వామిగారు, రెండవవారు పీలూ రిపోర్టరుగారు. తరువాతి కాలమున తటస్థులను నియమించుట వాడుకయయ్యెను. మన పాఠశాలల పోటీలకును మూడవ పాఠశాల ఉపాధ్యాయునొకరిని పిలుచుట అసాధ్యము కాదు.

మధ్యవర్తికిని ధర్మములు కలవు. 1966వ సంవత్సరపు ప్రపంచ ఫుట్‌బాలు పోటీలలో అర్జెంటీనా నాయకుని జర్మను రిఫరీ బయటకు పంపగా, ఒకరి భాష ఒకరికి తెలియక ఆట చాలసేపు నిలిచిపోయెను. ఆ చిక్కును తలపోసిన కెన్ ఆస్టను అను ఆంగ్లేయుడు పసుపు, ఎఱుపు చీటీలను కల్పించెను. అవి 1970వ సంవత్సరపు పోటీలలో వాడుకలోనికి వచ్చెను. తీర్పు అందఱికిని తెలియునట్లు స్పష్టముగ చెప్పుటయే సగము కలహమును మాన్పును. తక్కిన సగమునకు మందు 2024వ సంవత్సరపు ఐరోపా ఫుట్‌బాలు పోటీలలో కనబడెను. అందు తీర్పునుగూర్చి రిఫరీని అడుగు అధికారము నాయకునికి మాత్రమే యుండెను. ఇతరులు మీద పడినచో పసుపుచీటీ చూపబడుచుండెను.

కాబట్టి మేము కోరునవి నాలుగు. ఆటకు ముందు మధ్యవర్తి ఇరుపక్షముల నాయకులను పిలిచి నియమములను, గీతలను చూపవలెను. ఆటలో సందేహము కలిగినచో నాయకుడొక్కడే మర్యాదగా అడుగవలెను. తలిదండ్రులు తమ బిడ్డను మెచ్చుకొనుటకే గొంతెత్తవలెను. మీరు మధ్యవర్తిని ఏమందురో బిడ్డలు ఇంటిదారినే నేర్చుకొందురు. కడపటిది ముఖ్యమైనది: పైతరగతుల బాలబాలికలలో ప్రతివారును ఏడాదికొకసారియైనను చిన్నతరగతుల ఆటకు ఈల పట్టవలెను. ఆ దుమ్ములో ఆ వ్రేలికొనను ఒకసారి తాను వెదకి చూచినవాడు, మఱునాడు గీతయొద్ద నిలిచి “అన్యాయము” అని కేక వేయుటకు ముందు ఒక క్షణమైనను ఆగును. మాకు కావలసినది ఆ యొక్క క్షణమే.