గిటార్ కొనుగోలుకు ధర ఒక్కటే గీటురాయి కాదు
బిలాస్‌పూర్:

నెల జీతంపై నడిచే కుటుంబానికి పిల్లల కోసం ఒక గిటార్ కొనడం చిన్న ఖర్చేమీ కాదు. అయిదు వేల రూపాయల లోపు దొరికే వాద్యంతో సరిపెట్టుకోవాలా, మరో అయిదు వేలు కలిపి మెరుగైనది తీసుకోవాలా అన్న మీమాంస తలెత్తడం సహజం. ఈ తర్జనభర్జనలో సాధారణంగా పోలికకు వచ్చేవి ధర, రంగు, సంస్థ పేరు. వాద్యం పలికే తీరును నిర్ణయించే అంశాలు మాత్రం వేరే ఉన్నాయి. వాటిని విస్మరించి కొన్న గిటార్ కొద్ది నెలల్లోనే మూలకు చేరే ప్రమాదం ఉంది. అప్పుడు నష్టపోయేది డబ్బు మాత్రమే కాదు, నేర్చుకోవాలన్న పిల్లల ఉత్సాహం కూడా. అందులోనూ బిలాస్‌పూర్ వంటి ఊళ్లో ఎండాకాలపు పొడి వేడిమి, వానాకాలపు తేమ కొయ్య వాద్యానికి ఏటా పరీక్ష పెడతాయి.

రైలు తెచ్చిన సంగీతం

బెంగాల్ నాగపూర్ రైల్వే నాగపూర్ నుండి అసన్‌సోల్ వరకు వేసిన ప్రధాన మార్గం 1891లో పూర్తి కావడంతో బిలాస్‌పూర్ రైల్వే పట్టణంగా ఎదిగింది. రాయపూర్ - విజయనగరం మార్గం 1931 నాటికి సిద్ధమై ఉత్తరాంధ్రను ఈ ప్రాంతంతో కలిపింది. ఉద్యోగరీత్యా వలస వచ్చిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఇక్కడ స్థిరపడ్డాయి. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే జోన్‌కు బిలాస్‌పూర్ కేంద్రమయింది.

నాటి రైల్వే కాలనీలలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాల విందు వినోదాలు, చర్చి గానబృందాలు గిటార్‌ను పరిచయం చేశాయి. వాద్యాలు మాత్రం ప్రధానంగా కలకత్తా నుండి వచ్చేవి. హౌరా నుండి బిలాస్‌పూర్‌కు దూరం 700 కిలోమీటర్లకు పైగా ఉన్నా, రాత్రి రైలెక్కితే మరునాటికి చేరవచ్చు. ఆ నగరంలోని లాల్‌బజార్, రవీంద్ర సరణి ప్రాంతం సంగీత వాద్యాల వ్యాపారానికి ఈనాటికీ పేరెన్నిక గన్నది.

కలకత్తాతో గల ఈ సంబంధం కారణంగా కొనుగోలుదారులు గుర్తుంచుకోవలసిన విషయం ఒకటి ఉంది. తూర్పు భారతంలో గత శతాబ్ది మధ్యకాలం నుండి హవాయిన్ గిటార్‌కు విశేష ఆదరణ ఉండేది. దానిని ఒడిలో పరుండబెట్టి, తీగలపై ఉక్కు కడ్డీని జరుపుతూ వాయిస్తారు. బ్రిజ్ భూషణ్ కాబ్రా ఈ పద్ధతిలోనే హిందుస్తానీ రాగాలను పలికించారు. విశ్వమోహన్ భట్ రూపొందించిన మోహన వీణకు 1994లో గ్రామీ పురస్కార గౌరవం దక్కింది. ఉక్కు కడ్డీ మెట్లకు తగలకుండా ఉండేందుకు ఈ వాద్యంలో తీగలను ఎత్తుగా అమరుస్తారు. వేళ్లతో నొక్కి వాయించే స్పానిష్ గిటార్‌కు ఆ ఎత్తు బొత్తిగా పనికిరాదు. ఇంట్లో ఉన్న పాత గిటార్‌ను పిల్లల చేతికి ఇచ్చేముందు, సెకండ్ హ్యాండ్ వాద్యం కొనేముందు అది ఏ కోవకు చెందినదో తెలుసుకోవడం అవసరం.

మూడు తరగతుల మార్కెట్

ఒకప్పుడు మధ్యతరగతి కొనుగోలుదారుకు దేశవాళీ గిటార్లే దిక్కు. దిగుమతులపై పరిమాణ ఆంక్షలను ప్రభుత్వం 2001 ఏప్రిల్ 1 నాటికి ఎత్తివేసిన తరువాత విదేశీ సంస్థల వాద్యాలు అందుబాటులోకి రావడం సులభమయింది. అనంతరం ఆన్‌లైన్ అమ్మకాలు వాటిని చిన్న పట్టణాల గుమ్మం వరకు తెచ్చాయి.

నేటి మార్కెట్‌ను స్థూలంగా మూడు తరగతులుగా విభజించవచ్చు. సుమారు 3,000 నుండి 6,000 రూపాయల మధ్య గివ్‌సన్, హాబ్‌నర్ వంటి దేశీయ సంస్థల వాద్యాలు, ఆన్‌లైన్‌లో విరివిగా అమ్ముడయ్యే జువారెజ్ వంటివి లభిస్తాయి. ఈ దేశీయ పేర్లకు, అమెరికాకు చెందిన గిబ్సన్, జర్మనీకి చెందిన హోనర్ సంస్థలకు సంబంధం లేదని గమనించాలి. ఆ పై మెట్టులో సుమారు 8,000 నుండి 13,000 రూపాయల వరకు యమహా ఎఫ్ 280, ఎఫ్ 310, కోర్ట్ ఏడీ 810 వంటివి వస్తాయి. యమహా ఎఫ్‌జీ 800, ఫెండర్ సీడీ 60ఎస్ తరహా వాద్యాలకు ఇంచుమించు 20,000 రూపాయలు వెచ్చించాలి. చెన్నై సమీపంలో యమహా నెలకొల్పిన కర్మాగారంలో 2019 నుండి ఉత్పత్తి సాగుతున్నందున, విదేశీ పేరు ఉన్నంత మాత్రాన సరుకు విదేశంలోనే తయారయిందని భావించనక్కరలేదు.

వీణకు లేని చిక్కు

ధరల తేడాకు కారణం తెలియాలంటే తెలుగువారికి చిరపరిచితమైన వీణతో పోల్చుకోవచ్చు. బొబ్బిలి వీణను పనస కొయ్యతో చేస్తారు. దాని 24 మెట్లు మైనంపై అమర్చినవి. శ్రుతి తప్పితే మైనం కరిగించి మెట్టును జరిపి సరిచేసుకునే వీలుంది. గిటార్ మెట్లు అలా కావు. లోహపు కడ్డీలను కొయ్యలోకి దిగగొట్టి బిగిస్తారు. కర్మాగారంలో ఆ దూరాల లెక్క తప్పితే ఇంట్లో చేయగలిగినది దాదాపు శూన్యం. కనుక లోపాన్ని కొనేముందే కనిపెట్టాలి.

దానికి పరీక్ష సులభమే. వీణలో వలెనే గిటార్‌లో కూడా 12వ మెట్టు వద్ద తీగ తారస్థాయి స్వరాన్ని పలకాలి. ముందుగా ఆరు తీగలను శ్రుతి చేసి, ఒక్కొక్క దానిని వదులుగా ఒకసారి, 12వ మెట్టు వద్ద నొక్కి ఒకసారి మీటి చూడాలి. శ్రుతి చూపే ఉచిత సాధనాలు నేడు సెల్‌ఫోన్‌లోనే లభిస్తున్నాయి. రెండవ స్వరం స్పష్టంగా హెచ్చుగానో తగ్గుగానో పలికితే ఆ వాద్యాన్ని పక్కన పెట్టడమే మంచిది. తరువాత ప్రతి తీగను ప్రతి మెట్టు వద్ద నొక్కి చూడాలి. ఎక్కడైనా జీరగా మోగితే మెట్లు సమానంగా లేవనో, మెడ వంగిందనో అర్థం.

రెండవ పరీక్ష తీగ ఎత్తు. ఉక్కు తీగల గిటార్‌లో 12వ మెట్టు వద్ద మెట్టు పైభాగానికి, తీగకు మధ్య ఎడం సుమారు 2 నుండి 2.5 మిల్లీమీటర్లు ఉంటే వాయించడానికి అనువుగా ఉంటుంది. చౌక గిటార్లలో ఇది 4 మిల్లీమీటర్లకు చేరడం కద్దు. అంత ఎత్తున తీగను నొక్కిపట్టడం పెద్దలకే కష్టం. వేళ్లు కమిలిన పిల్లలు తమకు సంగీతం రాదని నిశ్చయించుకుంటారు. లోపం చేతిలో కాక వాద్యంలో ఉందని వారికి చెప్పేవారు ఉండరు.

మూడవది మెడలోని ఇనుప కడ్డీ. ఆరు ఉక్కు తీగలు కలిసి సుమారు 70 కిలోల బరువుతో సమానమైన బలంతో మెడను లాగుతుంటాయి. దానికి ఎదురు నిలిచేందుకు మెడలో అమర్చే కడ్డీని ట్రస్ రాడ్ అంటారు. తాళంతో బిగించి, వదులు చేయగల కడ్డీ ఉంటే వంపును సరిచేయవచ్చు. అది లేని గిటార్ మెడ ఒకసారి వంగితే మరమ్మతుకు అయ్యే ఖర్చు వాద్యం ధరను మించవచ్చు.

కొయ్య, వాతావరణం

అధిక ధర పలికే గిటార్లలో పైపలకకు స్ప్రూస్ వంటి కొయ్యను ఒకే పొరగా వాడతారు. ఎఫ్‌జీ 800, సీడీ 60ఎస్ ఇటువంటివే. ఎఫ్ 310 వంటి వాటిలో పలుచని పొరలను అతికించిన పలక ఉంటుంది. ఒకే పొర పలక స్వేచ్ఛగా కంపిస్తుంది గనుక నాదం నిండుగా ఉంటుంది. అయితే అది తేమకు ఉబ్బి, పొడి గాలికి కుంచించుకుపోతుంది. అతుకు పలక నాదంలో కొంత వెనుకబడినా వాతావరణాన్ని మెరుగ్గా తట్టుకుంటుంది.

వేసవిలో 45 డిగ్రీల దరిదాపులకు చేరే పొడి వేడిమి, జూన్ మధ్య నుండి నెలల తరబడి సాగే వర్షాల తేమ ఉన్న బిలాస్‌పూర్‌లో ఈ తేడాకు ప్రాధాన్యం హెచ్చు. గిటార్‌కు 45 నుండి 55 శాతం తేమ అనువైనదిగా పరిగణిస్తారు. నీటితో నడిచే కూలరుకు ఎదురుగా ఉంచిన వాద్యం పగలు తేమనూ, కూలరు ఆపిన తరువాత పొడి గాలినీ మార్చి మార్చి పీల్చుకుంటుంది. సంరక్షణకు వీలులేని ఇంట 20,000 రూపాయల వాద్యం కన్నా 9,000 రూపాయల అతుకు పలక గిటారే నిలకడైన ఎంపిక కావచ్చు. ఖరీదైనదే మేలన్న సూత్రం అన్నివేళలా వర్తించదని దీనిని బట్టి గ్రహించవచ్చు.

ఎవరికి ఏది?

సర్వసాధారణంగా అమ్ముడయ్యే పెద్ద శరీరపు గిటార్‌ను డ్రెడ్‌నాట్ అంటారు. ఆంగ్లేయుల యుద్ధనౌక పేరు పెట్టుకున్న ఈ ఆకృతిని అమెరికాలోని మార్టిన్ సంస్థ 1916లో తొలుత తయారు చేసింది. దీని గంభీర నాదం పాటకు తోడుగా చక్కగా ఒప్పుతుంది. పదేళ్ల లోపు పిల్లలకు మాత్రం ఇది చేతికి అందదు. వారికి యమహా జేఆర్ 1 వంటి చిన్న వాద్యాలు అనుకూలం. దీనిలో తీగ పలికే భాగం నిడివి 540 మిల్లీమీటర్లు కాగా, పెద్ద గిటార్లలో అది 650 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. వేళ్ల నొప్పికి జంకేవారికి నైలాన్ తీగల క్లాసికల్ గిటార్ మరో మార్గం. యమహా సీ 40 ఈ కోవలోనిది. దీని మెడ వెడల్పు ఎక్కువ, తీగల బిగువు తక్కువ. నైలాన్ తీగల కోసం చేసిన గిటార్‌కు ఉక్కు తీగలు బిగిస్తే పైపలక లేచిపోతుందని మరువరాదు.

ధర చీటీపై లేని ఖర్చు

పోల్చవలసినది వాద్యం ధరను కాదు, మొత్తం ఖర్చును. సంచీ, అదనపు తీగల జత, వాద్యాన్ని వాయించడానికి అనువుగా సరిచేయించే కూలి కలుపుకోవాలి. 4,000 రూపాయల గిటార్‌కు ఇవన్నీ జోడిస్తే పై తరగతి ధరకు దగ్గరపడవచ్చు. మెడ తిన్నగా, మెట్లు సరిగా ఉండి కేవలం తీగలు మాత్రమే ఎత్తుగా ఉన్న చౌక గిటార్‌ను బ్రిడ్జిపై ఎముక రంగులో కనిపించే పట్టీని అరగదీయించి బాగుచేయించవచ్చు. అటువంటిది లభిస్తే అది లాభసాటి బేరమే.

సాధ్యమైనంత వరకు గిటార్ వాయించడం తెలిసిన వారిని వెంటబెట్టుకొని దుకాణానికి వెళ్లి, ఒకే నమూనాలోని రెండు మూడు వాద్యాలను మీటి చూడడం ఉత్తమం. ఒకే పేరు, ఒకే ధర గల వాటిలోనూ తేడాలుంటాయి. ఆన్‌లైన్‌లో కొనక తప్పకపోతే, వాపసు గడువు ఎన్నాళ్లో ముందే చూసుకొని, పెట్టె విప్పిన రోజునే పైన చెప్పిన పరీక్షలు జరపాలి. సరుకు ఏ దేశంలో తయారయిందో, వాపసు షరతులు ఏమిటో వెల్లడించవలసిన బాధ్యతను 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు అమ్మకందారుపై ఉంచాయి. వివాదం తలెత్తితే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రాన్ని 1915 నంబరులో సంప్రదించవచ్చు.

నేర్చుకునేవారికి కావలసినది అందరికన్నా ఖరీదైన గిటార్ కాదు. శ్రుతిలో నిలిచి, వేళ్లను బాధించక, ఊరి ఎండవానలను తట్టుకొని రోజూ చేతిలోకి తీసుకోవాలనిపించే వాద్యం కావాలి. పది నిమిషాల పరీక్షతో అది 5,000 రూపాయలకు దొరకవచ్చు. ఆ పరీక్ష లేకుంటే 15,000 పోసినా దొరకకపోవచ్చు.