ఓడినా.. వచ్చే ఆదివారం మళ్లీ ఆడాలి!

జాతీయ యువ ఫుట్‌బాల్ లీగ్‌కు మన కుర్రాళ్ల దారి ఏది?

కాచిగూడ: భారత ఫుట్‌బాల్‌కు స్వర్ణయుగం తెచ్చిన శిక్షకుడు ఒకప్పుడు కాచిగూడ మాధ్యమిక పాఠశాలలో ఉపాధ్యాయుడు. ఆయనే సయ్యద్ అబ్దుల్ రహీం. నగరవాసులకు రహీం సాబ్. చదివింది ఉస్మానియా విశ్వవిద్యాలయంలో. ఆయన శిక్షణలో భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణ పతకాలు గెలుచుకుంది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది.

అదే నేలపై, తార్నాక, విశ్వవిద్యాలయ ప్రాంగణ పరిసరాల్లో బంతి వెంట పరుగెత్తే పదిహేనేళ్ల కుర్రాడి ముందు నేడు ఒక ప్రశ్న ఉంది. ఇక్కడి నుంచి జాతీయ లీగ్‌కు చేరే దారి ఏది? ఆ పోటీ ఏమిటి, అందులో ఎవరు ఆడతారు, తల్లిదండ్రులు ఏం తెలుసుకోవాలి.. ఆ వివరాలివి.

ఏమిటీ తేడా?

పాఠశాలల స్థాయిలో మనకు అలవాటైనవి నాకౌట్ పోటీలు. ఓడిన జట్టు ఇంటిముఖం పట్టాల్సిందే. 16 జట్లతో ఇటువంటి పోటీ నిర్వహిస్తే జరిగేవి మొత్తం 15 మ్యాచ్‌లు. తొలి విడతలోనే 8 జట్లు నిష్క్రమిస్తాయి. నెలల తరబడి సాధన చేసిన బాలుడికి దక్కేది ఒకే ఒక్క మ్యాచ్. చివరిదాకా నిలిచిన రెండు జట్లకు మాత్రమే నాలుగేసి మ్యాచ్‌లు లభిస్తాయి.

లీగ్ లెక్క వేరు. 8 జట్లు ఒకదానితో ఒకటి రెండేసిసార్లు తలపడితే ప్రతి జట్టుకూ 14 మ్యాచ్‌లు దక్కుతాయి. పట్టికలో అట్టడుగున నిలిచిన జట్టుకు కూడా అన్నే. ఈ ఆదివారం చేసిన పొరపాటును వచ్చే ఆదివారం దిద్దుకోవచ్చు.

మరో ప్రయోజనమూ ఉంది. ఓడితే అంతా ముగిసిపోతుందన్న భయంతో నాకౌట్‌లో ఎత్తుగా, బలంగా ఉన్న పిల్లలనే బరిలోకి దింపడం సహజం. ఆలస్యంగా ఎదిగే పిల్లవాడు ఎంత నైపుణ్యం ఉన్నా బెంచీకే పరిమితమవుతాడు. లీగ్‌లో శిక్షకుడికి ఆ ఒత్తిడి తక్కువ. అందరికీ అవకాశం ఇచ్చి చూడగలడు.

జాతీయ లీగ్ ఎలా వచ్చింది?

మన దేశంలో యువకులకు జాతీయ స్థాయి పోటీలు కొత్త కావు. పాఠశాలలకు సుబ్రతో కప్ 1960లో, రాష్ట్రాల జూనియర్ జట్లకు బీసీ రాయ్ ట్రోఫీ 1962లో మొదలయ్యాయి. అయితే అవి కొద్ది రోజుల్లో ముగిసే పోటీలు. క్లబ్‌ల యువ జట్లకు ప్రత్యేకంగా లీగ్ ఉండాలన్న ఆలోచనతో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 2008లో అండర్-19 ఐ-లీగ్‌ను ప్రారంభించింది. 2015 తరువాత అండర్-15, అండర్-13 విభాగాలు కూడా చేరాయి. 2017లో అండర్-17 ప్రపంచకప్‌కు భారత్ ఆతిథ్యమిచ్చిన కాలంలో చిన్న వయసు ఆటగాళ్లపై శ్రద్ధ పెరిగింది. 2023-24లో ఈ లీగ్‌లు సబ్ జూనియర్, జూనియర్, ఎలైట్ అనే మూడు మెట్లుగా నడిచాయి.

పేర్లూ, వయసు హద్దులూ తరచూ మారుతున్నాయి. పై మెట్టు పోటీ కొన్నేళ్లు అండర్-18గా, 2023-24లో అండర్-17గా జరిగింది. కనుక ఏ ఏడాది ఏ పుట్టిన తేదీ వరకు అర్హత ఉందో ముందుగా విచారించుకోవడం అవసరం.

వీటికి తోడు 2022లో గోవాలో రిలయన్స్ ఫౌండేషన్ డెవలప్‌మెంట్ లీగ్ మొదలైంది. ప్రధానంగా 21 ఏళ్లలోపు వారి కోసం ఉద్దేశించిన ఈ లీగ్‌ను టీనేజీ దాటుతున్న ఆటగాళ్లకు తరువాతి మెట్టుగా చెప్పవచ్చు.

ఎవరు ఆడవచ్చు?

ఈ లీగ్‌లలో ఆటగాడు ఒంటరిగా దరఖాస్తు చేసుకునే వీలు లేదు. ఐఎస్‌ఎల్, ఐ-లీగ్ క్లబ్‌ల యువ జట్లు, సమాఖ్య గుర్తింపు పొందిన అకాడమీలు పాల్గొంటాయి. ముందుగా ప్రాంతాలవారీ గ్రూపుల్లో మ్యాచ్‌లు జరుగుతాయి. వాటిలో రాణించిన జట్లు తుది దశకు చేరతాయి. అందువల్ల పిల్లవాణ్ని చేర్పించే అకాడమీకి సమాఖ్య గుర్తింపు ఉందా, అది ఏ వయసు లీగ్‌లో ఆడుతోంది అన్నవే తల్లిదండ్రులు అడగవలసిన తొలి ప్రశ్నలు. జాతీయ జట్టుకు ఎంపిక చేయిస్తామంటూ సొమ్ము అడిగేవారిని నమ్మరాదు.

రెండోది నమోదు. ఆటగాడి వివరాలు సమాఖ్య కేంద్రీకృత నమోదు వ్యవస్థలో ఉండాలి. జనన ధ్రువీకరణ పత్రం, పాఠశాల రికార్డు, ఆధార్‌లలో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉండాలి. బడిలో చేర్చేటప్పుడు ఏదో ఒక తేదీ రాయించే అలవాటు మన ఊళ్లలో ఉండేది. అటువంటి తేడా ఆటగాడిని తీరా ఎంపికల వేళ చిక్కుల్లో పడేస్తుంది.

వయసు దాచే ప్రయత్నాలూ చెల్లవు. 2009లో నైజీరియాలో జరిగిన అండర్-17 ప్రపంచకప్ నుంచి ఫిఫా మణికట్టుకు ఎంఆర్‌ఐ పరీక్ష చేయిస్తోంది. అక్కడి ఎముక ఎదుగుదల భాగం పూర్తిగా అతుక్కుపోయి ఉంటే 17 ఏళ్లు దాటినట్లు పరిగణిస్తారు.

నమోదు వల్ల చిన్న అకాడమీలకూ మేలుంది. తాము తీర్చిదిద్దిన ఆటగాడు విదేశీ క్లబ్‌లో తొలిసారి వృత్తి క్రీడాకారుడిగా చేరితే, 12 నుంచి 21 ఏళ్ల మధ్య శిక్షణ ఇచ్చిన క్లబ్‌లు పరిహారం కోరేందుకు ఫిఫా నిబంధనలు వీలు కల్పిస్తున్నాయి. రికార్డు లేనిచోట ఆ హక్కును రుజువు చేసుకోవడం కష్టం.

మూసుకున్న తలుపు

2019లో ఏర్పడిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2021-22లో ఐఎస్‌ఎల్ విజేతగా నిలిచింది. 2022 డెవలప్‌మెంట్ లీగ్‌లో ఆ క్లబ్ యువ జట్టు కూడా ఆడింది. 2025లో ఆ క్లబ్ ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా మారింది. దాంతో నగర బాలలకు జాతీయ లీగ్ వైపు తెరచి ఉన్న ఒక తలుపు మూసుకుంది. 2021-22లో ఐ-లీగ్‌లో అడుగుపెట్టిన శ్రీనిధి డెక్కన్ క్లబ్ మైదానం నగరానికి పడమటి కొసన అజీజ్‌నగర్‌లో ఉంది. తార్నాక కుర్రాడు బడి ముగిశాక అక్కడికి వెళ్లి రావాలంటే నగరం మొత్తం దాటాలి. దినసరి కూలి ఇంట ఆ ఛార్జీలే భారం.

ఈ కష్టం కొత్తదేమీ కాదు. సికింద్రాబాద్ చెంత అమ్ముగూడలో పేద కుటుంబంలో పుట్టిన తులసీదాస్ బలరామ్‌కు సాధనకు వచ్చేందుకు చేతిలో డబ్బు లేకపోతే, సైకిలు అద్దె రహీం సాబే ఇచ్చేవారని చెబుతారు. ఆ బలరామ్ 1956 ఒలింపిక్స్ జట్టులో ఉన్నారు. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం గెలిచిన బృందంలోనూ ఉన్నారు. నాడు దారి చూపింది పెద్ద నిధులు కాదు. పిల్లవాడు మైదానానికి చేరాలన్న ఒక ఉపాధ్యాయుడి పట్టుదల.

ఏం చేయవచ్చు?

రహీం సాబ్ నగరంలో వినూత్న పోటీలు పెట్టించేవారు. అలవాటు లేని కాలితోనే ఆడాలన్నది ఒకటి. బంతిని అట్టిపెట్టుకోకుండా వెంటనే అందించాలన్నది మరొకటి. ఖర్చు స్వల్పం, నేర్చుకునేది అధికం.

అదే బాటలో కాచిగూడ, విద్యానగర్, తార్నాక, సీతాఫల్‌మండి ప్రాంతాల పాఠశాలలు, బస్తీ జట్లు ఎనిమిది కలిస్తే చాలు. ఒక మైదానం, ఆదివారానికి నాలుగు మ్యాచ్‌లు, 14 ఆదివారాలు. మొత్తం 56 మ్యాచ్‌ల లీగ్ సిద్ధం. అర్ధభాగానికి 30 నిమిషాలు పెట్టుకుంటే నాలుగు మ్యాచ్‌లూ ఒక్క రోజులోనే ముగుస్తాయి. ఫలితాలు, గోల్స్, ఆడిన నిమిషాలు ఒక పుస్తకంలో రాసి ఉంచితే, ఎంపికలకు వచ్చే అకాడమీ ప్రతినిధికి అదే ఆధారమవుతుంది. మైదానం ఇచ్చేందుకు విద్యాసంస్థలు, అనుమతించేందుకు అధికారులు ముందుకు రావాలి.

బాలికలకూ ఇందులో చోటుండాలి. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్‌లో చేరింది. అవకాశం దొరికితే మన అమ్మాయిలు ఎంత దూరం వెళ్లగలరో చెప్పడానికి ఆ ఒక్క ఉదాహరణ చాలు.

1974లో ఆసియా యువ ఛాంపియన్‌షిప్‌లో ఇరాన్‌తో కలిసి ఉమ్మడి విజేతగా నిలిచిన భారత జట్టుకు సారథి హైదరాబాదీ షబ్బీర్ అలీ. అప్పటికి ఆయన వయసు 18. ఆ వయసుకు ఆ స్థాయి చేరాలంటే అంతకుముందే ఎన్నో మ్యాచ్‌లు ఆడి ఉండాలి. నేటి పిల్లలు అడుగుతున్నదీ అదే. కప్పులు తరువాత సంగతి. ముందు వారానికి ఒక మ్యాచ్ కావాలి.