సెల్‌ఫోను ప్యాకులోని పద్దులు

రామగుండము, గోదావరిఖని చుట్టుపట్ల గ్రామములలో తండ్రి సేద్యము చేయుచుండగా కుమారుడో, అల్లుడో సింగరేణి గనిలో పని చేయు కుటుంబములు మన సభ్యులలో గలవు. ఇట్టి యిండ్లలో మూడు నాలుగు సెల్‌ఫోను చందాలుండుట సామాన్యము. గని పనివాడు జీతము పడినంతనే తన ఫోనుకు రీచార్జి చేయించుకొనును. ఊరిలోని తండ్రి ఫోను మాత్రము మూగవోయినపుడు గాని యెవరికిని జ్ఞప్తికి రాదు. అప్పుడు దుకాణదారు చెప్పిన ప్యాకునకు పైకము చెల్లించి వత్తురు. ఆ ప్యాకులో నేమున్నదో అడుగువారు అరుదు. ఎరువు బస్తాపై నత్రజని పాళ్లు చదువక కొనని రైతు ఈ విషయమున నింత ఉదాసీనుడై యుండుట మాకు వింతగా నున్నది.

ప్యాకనగా నేమో ముందు తెలిసికొందము. మన సంఘములో సభ్యుని పేరున ఖాతా తెరచి, వాటాధనము, పంట ఋణము, ఎరువుల బాకీ అని వేర్వేరు పద్దులు వ్రాయుదురు గదా. టెలిఫోను కంపెనీ వారును అట్లే ప్రతి చందాదారుని సంఖ్య కెదురుగా అతనికి గల సేవలను తమ కంప్యూటరు ఖాతాలో వ్రాసి యుంతురు. మాటలాడుట యొకటి, ఎస్సెమ్మెస్ యొకటి, ఇంటర్నెట్టు మరియొకటి, విదేశములకు పిలుచుట వేరొకటి. కోట్లకొలది చందాదారులకు ఈ పద్దులను ఒక్కొక్కటిగా వ్రాయుట, ఒక్కొక్కదానికి వేరుగా లెక్క కట్టుట దుర్ఘటము. కావున కొన్ని సేవలను ఒక మూటగా గట్టి, దానికొక ధరయు గడువును నిర్ణయించి, ఒక గుర్తు నిత్తురు. మనము రీచార్జి చేయించినపుడు ఆ గుర్తు మన ఖాతాలో చేరును. తరువాత మనము పిలిచిన ప్రతిసారియు యంత్రము ఆ ఖాతాను చూచును. ఆ సేవ మూటలో నున్నదా, గడువు మిగిలియున్నదా అని విచారించి, ఉన్నచో పిలుపును సాగనిచ్చును. మూటలో లేని సేవయైనచో నిలువయున్న పైకమునుండి తీసికొనును, పైకము లేనిచో నిరాకరించును. ముందు చెల్లించు ప్రీపెయిడ్ పద్ధతిలో ఈ లెక్క అప్పటికప్పుడే జరుగును. పోస్టుపెయిడ్ పద్ధతిలో ప్రతి పిలుపునకు నొక పద్దు వ్రాసియుంచి, నెల తుదిని బిల్లు కట్టుదురు.

ఈ మూటలు మొదటినుండి యిట్లే లేవు. మన దేశమున 1995 జూలై 31న తొలి సెల్‌ఫోను సంభాషణ జరిగిన కాలమున పిలిచిన వాడును, పిలుపు నందుకొన్న వాడును నిమిషముల చొప్పున చెల్లించెడివారు. వచ్చు పిలుపులు ఉచితమైనది 2003 మే మాసమున. 2012లో టెలికాం నియంత్రణ సంస్థయగు ట్రాయి వారు వోచర్లను తరగతులుగా విభజించి, ప్లానునకు ఎరుపు, టాపప్పునకు ఆకుపచ్చ, ప్రత్యేక ధరకు పసుపు అని రంగులు సయితము ఏర్పరచిరి. చదువురాని వానికిని పనికివచ్చిన ఏర్పాటది. 2016 సెప్టెంబరులో జియో వచ్చిన పిమ్మట పిలుపులును ఇంటర్నెట్టును ఒకే మూటయై పోయినవి. 2018 తుదిభాగమున కొన్ని కంపెనీలు నెలనెల కనీసపు రీచార్జి తప్పదనుటతో, వచ్చు పిలుపుల కొరకే ఫోను నుంచుకొన్న పేదవారికి ఆ సదుపాయమును పోయినది. కాగితపు కార్డులు తగ్గి దుకాణదారు తన ఫోనునుండియే రీచార్జి చేయు కాలము వచ్చుటచే, 2024లో ఆ రంగుల నియమమును తీసివేసిరి.

మీట నొక్కు చిన్న ఫోనుగల వృద్ధరైతునకు దినమునకు ఒకటిన్నర జీబీ ఇంటర్నెట్టు ఎందులకు? దున్నని పొలమునకు శిస్తు కట్టుట వంటిదే యిది. ఈ అన్యాయమును గుర్తించియే ట్రాయి వారు 2024 డిసెంబరు 23న మాటలు, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే గల ప్యాకు నొకదానినైనను ప్రతి కంపెనీయు అమ్మవలెనని నిబంధన చేసిరి. గడువు పరిమితిని 90 దినములనుండి 365 దినములకు పెంచిరి. తదనుసారముగా 2025 జనవరిలో ఎయిర్‌టెల్ వారు 365 దినములకు 1849 రూపాయల ప్యాకును, జియో వారు 336 దినములకు 1748 రూపాయల ప్యాకును ప్రకటించిరి. ధరలు మారుచుండును గాని లెక్క కట్టు విధము మారదు. మొదటిది దినమునకు సుమారు 5 రూపాయల 7 పైసలు, రెండవది 5 రూపాయల 20 పైసలు పడినవి. ఎక్కువ ధరగలదే దినసరి లెక్కకు చౌక యైనది! దుకాణములో ఇట్టి ప్యాకు పేరు ముందుగా చెప్పకపోవచ్చును. మనమే అడుగవలెను.

336 అను సంఖ్యను గమనింపుడు. అది 28ని పన్నెండు పర్యాయములు హెచ్చవేసినది. నెల ప్యాకనునది 28 దినములే యైనచో సంవత్సరమునకు పన్నెండు కాక పదమూడు రీచార్జీలు కావలెను. ఈ పదమూడవ నెల ఏ పంచాంగమునను లేదు. 2022 జనవరిలో ట్రాయి వారు 30 దినముల గడువుగల ప్యాకును, ప్రతినెల అదే తేదీన మరల వేయించుకొనదగిన ప్యాకును ప్రతి కంపెనీ వద్దను ఉండవలెనని ఆజ్ఞాపించిరి. జీతము ఒకే తేదీన పడు గనికార్మికుల యిండ్లకు ఇది అనుకూలము.

గడువు దాటనిచ్చినచో నష్టము మాటలతో పోదు. మొదట మనము పిలుచుట నిలిచిపోవును, పిదప వచ్చు పిలుపులు నిలిచిపోవును, తుదకు సంఖ్యయే రద్దగును. రద్దయిన సంఖ్యను 90 దినములవరకు ఇతరులకియ్యరని ట్రాయి వారు 2023లో సుప్రీంకోర్టునకు తెలిపిరి. అనగా ఆ పిమ్మట అది అపరిచితుని జేబులో మ్రోగవచ్చును. మన బ్యాంకు ఖాతాకును, ఆధారునకును ఆ సంఖ్యయే జతపడి యున్నదనుకొనుడు. పీఎం కిసాన్ ఈ-కేవైసీకి వచ్చు ఓటీపీ, ధాన్యపు పైకము జమయైనదను సందేశము, బ్యాంకువారి హెచ్చరిక, ఇవన్నియు మనకు రావు. అపరిచితునికి చేరిన ఓటీపీ మన ఖాతాకు తాళపుచెవి వంటిది. కావున సంఖ్యను విడిచిపెట్టదలచిన వారు ముందుగా బ్యాంకునకును, ఆధారు కేంద్రమునకును పోయి క్రొత్త సంఖ్యను వ్రాయించవలెను. కంపెనీ నచ్చనిచో సంఖ్యను విడువ నక్కరలేదు. 1900కు పోర్టు సందేశము పంపి అదే సంఖ్యతో వేరొక కంపెనీకి మారవచ్చును. 2011 జనవరినుండి దేశమంతట ఈ హక్కు గలదు.

సేవలను మూటగట్టినట్లే చందాదారులను సయితము గుంపుగట్టుట గలదు. సంస్థలు తమ ఉద్యోగులకిచ్చు సీయూజీ యట్టిదే. ఒక యింటివారి నాలుగు సంఖ్యలకు ఒకే బిల్లు వచ్చు కుటుంబపు పోస్టుపెయిడ్ ప్లానును అట్టిదే. దీనివలన తండ్రి ఫోను మరచిపోవు భయము తీరును. కాని బిల్లు ఎవరి పేరనున్నదో వారు చెల్లింపనిచో అన్ని ఫోనులకును ముప్పు వచ్చును. ఆ యొక్కరు ఎవరో కుటుంబము ముందే ఆలోచించుకొనవలెను.

మనము కోరని కాలరుట్యూనులు, జాతకములు మొదలగువాని పేర నిలువ పైకము తరుగుచున్నచో 155223కు ఫోను చేసి ఆ సేవను రద్దు చేయించుకొనవచ్చును. ఇతర ఫిర్యాదులకు 198. ఫిర్యాదు చేసినపుడు వారిచ్చు నమోదు సంఖ్యను పాసుపుస్తకము వెనుకనైనను వ్రాసికొనుడు. అది లేనిదే పై యధికారికి అప్పీలు చేయుట కష్టము.